పదమూడో అధ్యాయం మోసిన మనిషి

ఆ వీధిలో ఎవరైనా నమ్మరాని మాట చెబితే "పదమూడు చెప్పకు" అనేవారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు ముందు అది అర్థమయ్యేది కాదు. మూలమీది టీకొట్టు దగ్గర నాలుగు రోజులు నిలబడితే ఎవరో ఒకరు విప్పి చెప్పేవారు. సైకిళ్ళ షాపు వెనక కింది వాటాలో ఉండే ముసలాయన ఉన్నాడే, ఆయనే పదమూడు తాత. కుర్రతనంలో జైలుకెళ్ళాడట. అక్కడ పంతులుగారు ఒకాయన చరిత్ర పుస్తకం నోటితో చెబితే, అందులో పదమూడో అధ్యాయాన్ని బుర్రలో పెట్టుకుని బయటికి మోసుకొచ్చాడట. "చేతుల చరిత్ర" ఎవరికి తెలియదు? అందరూ బళ్ళో చదివిందే. ఎటు తిరగేసినా పన్నెండు అధ్యాయాలే. పదమూడోది ఆయన తలకాయలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

ఇలా చెప్పి నవ్వేవారు. ఆ నవ్వులో కసి లేదు. కానీ ఒకే నవ్వును జీవితమంతా వినాల్సి వస్తే అది ముల్లయి కూర్చుంటుంది.

ఆ ముల్లు తాతకంటే ఎక్కువగా గుచ్చుకున్నది ఆయన కొడుక్కి. చిన్నప్పుడు బళ్ళో మేష్టారు హాజరు పిలుస్తూ పదమూడో నంబరు దగ్గరికి రాగానే తరగతంతా వెనక్కి తిరిగి అతన్ని చూసేది. పెద్దవాడై, లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అయి, తల నెరిసినా ఆ వేడి తగ్గలేదు. తండ్రి జైలు ఊసెత్తితే చాలు, చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటికి పోయేవాడు.

కోడలి సంగతి వేరు. ఆమె నగరంలోని పెద్ద గ్రంథాలయంలో, పాత పుస్తకాలు బాగుచేసే గదిలో పనిచేస్తుంది. పురుగు తిన్న పేజీలకు పల్చటి కాగితం అతకడం, తెగిన కుట్లు మళ్ళీ కుట్టడం, ఊడిన అట్టలు నిలబెట్టడం ఆమె పని. పెళ్ళయి వచ్చిన కొత్తలో, పొద్దున్నే గోడ అవతల సన్నగా గొణుగుడు వినిపిస్తే మామగారు ప్రార్థన చేసుకుంటున్నారనుకుంది. కొన్నాళ్ళు విన్నాక మాటలు విడివిడిగా తెలిశాయి.

"కోటలోనివారు దాహమనగానేమో ఎరుగరు. దాహమెరిగినవారు కోటలోనికి పోజాలరు. ఈ ఇరువురి నడుమ నడచినది ఒక బిందె."

"ఇది ప్రార్థన కాదు కదా మామయ్యా?" అని అడిగేసింది ఒకరోజు, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు. ఎవరైనా నవ్వకుండా తనని ఒక ప్రశ్న అడిగి ఎన్నేళ్ళయిందో. "కూర్చో తల్లీ" అన్నాడు.

ఆయన చెప్పినది ఇది. ఆ జైల్లో కాగితం ముక్క దొరికితే చీకటి కొట్టు. పెన్సిలు దొరికితే కొరడా. పంతులుగారు ఉద్యోగరీత్యా చరిత్ర చెప్పేవాడు. రాజుల చరిత్ర కాకుండా పనిచేసినవాళ్ళ చరిత్ర చెప్పినందుకే ఆయన్ని లోపల వేశారు. అందరినీ తాళ్ళు పేనే కొట్టంలో కూర్చోబెట్టేవారు. పంతులుగారు పీచు పేనుతూ ఒక్కో వాక్యం చెప్పేవాడు, పక్కవాడు పేనుతూ తిరిగి అనేవాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క అధ్యాయం. ఒకరి అధ్యాయంలో ఏముందో ఇంకొకరికి తెలియకూడదు. ఎవరైనా పట్టుబడితే ఒక్క అధ్యాయమే పోవాలి, పుస్తకం పోకూడదు. అలా విడుదలైనవాడల్లా తిన్నగా ఒక చిన్న అచ్చాఫీసుకు వెళ్ళి, అచ్చక్షరాలు పేర్చే కంపోజిటరు పక్కన కూర్చుని, తన అధ్యాయం అప్పజెప్పేవాడు. రాతప్రతి అంటూ లేకుండానే పుస్తకం తయారైంది.

"నాకప్పటికి అక్షరమ్ముక్క రాదు. అందుకే పంతులుగారు ఆఖరి అధ్యాయం నాకిచ్చారు. 'చదువొచ్చినవాడు కాగితం ఉంది కదా అని మరిచిపోతాడు, నువ్వు మరిచిపోవు' అన్నారు. నేనే అందరికంటే చివర బయటికొచ్చాను. నాది ఎక్కించగానే పుస్తకం అచ్చయింది. పైన 'పశువైద్య సారము' అని అట్ట వేశారు. ముందర కొన్ని పేజీలు నిజంగానే గొడ్ల జబ్బుల సంగతి. ఆ తర్వాత అసలుది మొదలు."

"తర్వాతేమైంది?"

"కట్టలు బండెక్కుతుంటే పోలీసులొచ్చారు. కట్టలన్నీ అచ్చాఫీసు గుమ్మంలోనే తగలబెట్టారు. ఓనర్నీ నన్నూ పట్టుకెళ్ళారు. నాలుగైదు పుస్తకాలు అంతకుముందే చేతులు మారాయని విన్నాను. పంతులుగారు జైల్లోనే పోయారు."

ప్రభుత్వం మారాక, అచ్చాఫీసు ఓనరు భార్య అటక మీద దాచిన, తప్పులు దిద్దడానికి తీసిన ప్రూఫులతో పుస్తకం మళ్ళీ వేశారు. ఆమె దగ్గరున్నవి పన్నెండు అధ్యాయాల ప్రూఫులే. పదమూడోది హడావిడిగా ఎక్కించి తిన్నగా అచ్చు వేసింది కాబట్టి దానికి ప్రూఫు లేదు. ఈయన విడుదలై వచ్చేసరికి పుస్తకం ఊరూరా పాకిపోయింది. రెండోసారి జైల్లో నేర్చుకున్న అక్షరాలతో తన అధ్యాయం కూర్చుని రాసి, ప్రచురణకర్త దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆయన మర్యాదస్తుడే. మొత్తం చదివి, "బాగా రాశావయ్యా, నీ పేరుతోనే వేసుకో" అని తిరిగిచ్చాడు.

"నా పేరుతో! నేను రాసిందే అయితే నాకీ బాధెందుకమ్మా?" అన్నాడు ముసలాయన.

ఆ రోజు నుంచీ కోడలు మామగారి పక్షం. అయితే పక్షం వహించడం వేరు, రుజువు చెయ్యడం వేరు. ఏళ్ళు గడిచాయి.

ఒక పొద్దున గోడ అవతలి గొణుగుడు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదలై అక్కడికే వచ్చి మళ్ళీ ఆగింది. కోడలు వెళ్ళి చూస్తే ముసలాయన మంచం అంచున కూర్చుని, అరచేతులు మోకాళ్ళ మీద బిగించి, గోడకేసి చూస్తున్నాడు.

"ఒక వాక్యం పోయిందే" అన్నాడు. ఆయన గొంతులో అంత భయం ఆమె ఎప్పుడూ వినలేదు.

సాయంత్రానికి ఆ వాక్యం తనంతట తనే తిరిగొచ్చింది. అయినా ఆమె ఊరుకోలేదు. "ఫోన్లో రికార్డు చేస్తాను మామయ్యా, చెప్పండి" అని బతిమాలింది.

"చేస్తే? ముసలాడు కల్పించుకున్నాడంటారు. ఒకసారి రాసి చూశాగా. ముందు అచ్చు కనబడాలి. అచ్చు కనబడితే ఆ తర్వాత నేను చెప్పినా విలువ, చెప్పకపోయినా విలువ."

ఆమె ఆలోచనలో పడింది. మొదటి ముద్రణ కోసం పెద్దపెద్దవాళ్ళు వెతికారు. గ్రంథాలయానికి తరచూ వచ్చే చరిత్ర ప్రొఫెసరమ్మ అయితే సగం జీవితం అందుకే ధారపోసింది. కానీ వాళ్ళంతా వెతికింది చరిత్ర బీరువాల్లో. మామయ్య మొదటి నుంచీ ఏమంటున్నాడు? అట్ట మీద పశువైద్యం అని ఉందంటున్నాడు. ఆ మాటకే కదా వీధి అంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది! మరి పశువైద్యం పుస్తకం ఎక్కడుంటుంది? పశువుల డాక్టర్ల దగ్గర.

అంతే. సెలవు దొరికినప్పుడల్లా బయల్దేరింది. పశువైద్య కళాశాలలో వెతికింది. పాడి పరిశ్రమ ఆఫీసులో వెతికింది. రిటైరైన పశువుల డాక్టర్ల ఇళ్ళ తలుపులు తట్టింది. ఒకావిడ తలుపు సందులోంచి చూసి, "మా ఆయన పోయి చాలా కాలమైందమ్మా, నీ గేదెకేమైంది?" అని జాలిపడింది. భర్త మాత్రం, "నాన్నకి తోడు నువ్వొకదానివి తయారయ్యావు. ఇన్నాళ్ళూ ఒక పదమూడు, ఇప్పుడు పద్నాలుగు" అని విసుక్కున్నాడు.

"పదిహేను మీరే. సిద్ధంగా ఉండండి" అంది ఆమె, సంచి భుజాన వేసుకుంటూ.

చివరికి ఎవరో చెబితే పోలీసు గుర్రాల ఆస్పత్రికి వెళ్ళింది. పోలీసులుండే బారకాసుల వెనక పెంకుల షెడ్డు, గడ్డి వాసన, మందుల వాసన. గుర్రాల డాక్టరు బొద్దుగా ఉన్నాడు, మోచేతుల దాకా సబ్బు నురగ. ఒక ఎర్ర గుర్రం గిట్ట కడుగుతూనే ఆమె చెప్పింది విన్నాడు.

"పాత పుస్తకాలా? ఆ మూల బీరువాలో ఉంటాయి చూడండి. మా ముందు డాక్టరుగారి ముందు డాక్టరుగారి కాలంనాటివి. పై పెంకులు కారతాయి, జాగ్రత్త. ఎలకలుంటాయి, మరీ జాగ్రత్త."

బీరువా తలుపు తీయడానికి ఇద్దరూ కలిసి లాగాల్సి వచ్చింది. లోపల ఆమె వేళ్ళు వెన్నులు తడుముకుంటూ పోయాయి. గిట్టల జబ్బులు, జీను పుళ్ళు, పేగు మెలికలు. అడుగు వరసలో, తడికి నల్లబడి, ఒక వైపు ఉబ్బిన పుస్తకం. దాని వెన్ను మీద అక్షరాలు సగమే మిగిలాయి. "పశువై" వరకే ఉంది.

ఆమె కూర్చుండిపోయింది. ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. గాలికుంటు వ్యాధికి చికిత్స, గొంతువాపుకు చికిత్స. పేజీ, ఇంకో పేజీ. పాలిచ్చే ఆవుకు దాణా. పేజీ తిప్పింది.

"ఈ పుస్తకము చేతులున్నవారి చరిత్ర. తలలమీద కిరీటములున్నవారి చరిత్ర వేరొకచోట దొరకును."

ఆమె నోట్లోంచి వచ్చిన కేకకు గుర్రం ముందు కాళ్ళెత్తింది. డాక్టరు కళ్ళెం పట్టుకుని వేలాడుతూ, "పామా?" అని అరిచాడు.

"కాదండీ! పుస్తకం!"

సంగతి విన్నాక ఆయన గడ్డిమోపు మీద కూలబడి నవ్వాడు. "అంటే మా పోలీసులు ఏ పుస్తకం కోసం ఇళ్ళన్నీ సోదా చేశారో, అది మా గుర్రాల కొట్టంలోనే ఉందా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనమ్మా! ఎవరి ఇంట్లోనో సోదాలో దొరికుంటుంది. అట్ట చూసి, మనకు పనికొచ్చేదే కదా అని మా వాళ్ళకి పంపుంటారు. ఇదిగో, మా ఆస్పత్రి ముద్ర కూడా వేశారు!" గ్రంథాలయానికి ఇస్తున్నట్టు ఆయన అప్పటికప్పుడు, గుర్రం మందుల చీటీ మీదే రాసి సంతకం చేసిచ్చాడు.

ఆమె ఆ పుస్తకాన్ని మరమ్మతు గదికి చేర్చి, మొదట ప్రొఫెసరమ్మకు ఫోను చేసింది. ప్రొఫెసరమ్మ ఆటో దిగి పరిగెత్తుకొచ్చింది. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండే మనిషి. పుస్తకాన్ని చూసింది. కళ్ళజోడు తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"ఒక సంగతి ముందే చెప్పేస్తానండీ. దీని గురించి మా మామగారు చెప్పేది వేరే ఉంది" అని కోడలు అంతా చెప్పేసింది. "కాబట్టి నా మాట నమ్మకండి. నేను ఏ పేజీ విడదీసినా మీ ఎదురుగానే విడదీస్తాను. విడదీసిన పేజీలు మీ దగ్గరే పెట్టి తాళం వేసుకోండి. ఇంటికెళ్ళి ఒక్క అక్షరం చెప్పను."

"మీ మామగారిని నేనెప్పుడో కలవాల్సింది. ఎవరో చెప్పారు కూడా. పద్ధతిగా వెతకాలనుకుని చరిత్ర బీరువాలే పట్టుకు వేలాడాను. పశువుల వైపు వెళ్ళాలన్న ఆలోచనే రాలేదు. కానివ్వమ్మా" అంది ప్రొఫెసరమ్మ.

పన్నెండు అధ్యాయాలూ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత పుస్తకం ఒక ముద్ద. పెంకుల్లోంచి కారిన నీటికి చివరి కాగితాలన్నీ అట్టకట్టి ఇటుకలా అయిపోయాయి. కోడలు ఆ ముద్దను తడి గుడ్డల మధ్య చెమ్మ పట్టించింది. ఎముకతో చేసిన పల్చటి పుల్లను అంచున దూర్చి, ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ, వెంట్రుకవాసి చొప్పున విడదీసింది. మొదటి కాగితం వచ్చింది. దాని నెత్తిన, మసకగా, "పదమూడవ అధ్యాయము" అని ఉంది.

ప్రొఫెసరమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. "ఉంది. ఉందమ్మా!"

కోడలికి కళ్ళు నిండాయి. కన్నీటి బొట్టు కాగితం మీద పడితే కొంప మునుగుతుందని చటుక్కున మొహం పక్కకు తిప్పుకుంది.

రెండో కాగితం కూడా చిరగకుండా వచ్చింది. అంతే. ఆ కిందివన్నీ చేతికి పిండిలా వచ్చాయి. ఒక్క మాట కూడా మిగల్లేదు. అయితే చివరి పేజీ ఎప్పుడో తడిసి వెనక అట్టకు అంటుకుని, తర్వాత ఊడి నలిగిపోయింది కానీ, దాని సిరా అట్ట లోపలివైపు దిగింది. అక్షరాలు తిరగబడి, మీగడ రంగు కాగితం మీద నీడల్లా ఉన్నాయి. అద్దం పెడితే చదవొచ్చు. ఆమె అద్దం పెట్టింది, ప్రొఫెసరమ్మ చదివి రాసుకుని, కాగితం మడిచి తన సంచిలో వేసుకుంది.

"మొదలు మన దగ్గరుంది. ముగింపు మన దగ్గరుంది. నడుమ మొత్తం మీ మామగారి దగ్గరుంది. మొదలూ ముగింపూ కుదిరితే నడుమ కూడా కుదిరినట్టే. ఆయన్ని రమ్మంటారా?" అంది.

ఆదివారం ఉదయం గ్రంథాలయం చదువుల హాల్లో కుర్చీలు వేశారు. కబురు ఎలా పాకిందో, వీధి సగం దిగింది. టీకొట్టు అతను కొట్టు మూసి మరీ వచ్చాడు. గుర్రాల డాక్టరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. ముసలాయనకు చూపు బాగా మందగించింది. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించి బల్ల ముందు కూర్చోబెట్టింది. కొడుకు రానన్నాడు. తీరా చూస్తే వచ్చాడు, కానీ లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర ద్వారబంధానికి భుజం ఆనించి, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా నిలబడ్డాడు.

ప్రొఫెసరమ్మ రెండు కాగితాలూ తన ముందు పరుచుకుంది. "మొదలుపెట్టండి తాతగారూ. తొందరేం లేదు."

ముసలాయన రెండు చేతులూ ఎత్తి, లేని పీచును పేనడం మొదలుపెట్టాడు. అరచేతులు ఒకదాని మీద ఒకటి కదులుతుంటే గొంతు దానంతటదే లేచింది.

"కోటలోనివారు దాహమనగానేమో ఎరుగరు..."

ప్రొఫెసరమ్మ వేలు కాగితం మీద పాకుతోంది. మాట వెంట మాట, వాక్యం వెంట వాక్యం. మొదటి కాగితం దాటింది. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. రెండో కాగితం అడుగు దాకా వేలు ఎక్కడా ఆగలేదు. పేజీ చివర వాక్యం సగంలో తెగింది. గొంతు తెగలేదు. కాగితం అయిపోయిన చోటు దాటి, గట్టు తెగిన కాలువలా, అలాగే ముందుకు పోయింది. ప్రొఫెసరమ్మ వేలు బల్ల చెక్క మీద నిలిచిపోయింది. ఆమె తలెత్తి చూసింది. ఆమె మొహంలోకి చూసినవాళ్ళందరికీ సంగతి తెలిసిపోయింది. టీకొట్టు అతను పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు.

ఆ అధ్యాయంలో ఉన్న కథ ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. నగరానికి నీటి గొట్టాలు ఒక గవర్నరు దయతో వచ్చాయని అందరూ చదువుకున్నారు. చౌరస్తాలో ఆయన పేరుతో రాయి కూడా ఉంది. పంతులుగారు చెప్పింది వేరు. నది నుంచి కోటకు రోజూ నీళ్ళు మోసే ఆడవాళ్ళు, తమ పేటల్లో పిల్లలు దాహంతో చస్తుంటే ఒకరోజు దారి మధ్యలో బిందెలు దించి కూర్చున్నారు. నెత్తికెత్తుకోమంటే ఎత్తుకోలేదు.

ముసలాయన గొంతు వేగం పెరిగింది. "సిపాయిలు వచ్చిరి. బిందెలను తన్నిరి. బిందెలు దొర్లెను..."

ఆగింది.

"బిందెలు దొర్లెను..." చేతులు కూడా ఆగాయి. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కోడలికి ఆ వాక్యం తెలుసు. నాలుక చివరే ఉంది. కానీ పేజీలు విడదీసింది తను. తను అందిస్తే పరీక్ష చెడుతుంది. పెదవి పంటి కింద నొక్కిపెట్టి, చీర కొంగు పిడికిట్లో నలిపేసింది. ముసలాయన నుదుటి మీద చెమట పట్టింది.

"దొర్లిన బిందెను ఎవ్వరును ముట్టలేదు."

గొంతు గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. అందరూ వెనక్కి తిరిగారు. కొడుకు ద్వారబంధాన్ని వదిలేసి నిటారుగా నిలబడి ఉన్నాడు. తన నోట్లోంచే ఆ మాట వచ్చిందా అన్నట్టు తనే తెల్లబోయి చూస్తున్నాడు. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే, దుప్పటి చెవుల మీదికి లాక్కుని విననని మొండికేసిన మాటలవి. వినలేదనే అనుకున్నాడు ఇంతకాలం.

"దొర్లిన బిందెను ఎవ్వరును ముట్టలేదు" అని మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. "ముట్టినచో మోయవలెను. మోయుట మానినాము, అనిరి."

ముసలాయన తల గొంతు వచ్చిన వైపు తిరిగింది. మసక కళ్ళు వెతికాయి. "ఒరే, నువ్వా?"

"నేనే నాన్నా. కానివ్వు."

ముసలాయన చేతులు మళ్ళీ కదిలాయి. ఇక ఆ గొంతుకు అడ్డు లేదు. మూడు రోజులు కోట ఎండిపోయింది, కోటలోని దొరసానులు నది దాకా నడిచొచ్చారు, గవర్నరు తన చేతులతో కాగితం మీద సంతకం పెట్టాడు. గొట్టాలు పడ్డాయి. కొడుకు ఒక్కో అడుగే వేస్తూ బల్ల దాకా వచ్చేశాడు. ప్రొఫెసరమ్మ సంచిలోంచి మడత కాగితం తీసి విప్పింది.

"...గొట్టములు వేయించినవాని నామము రాతిమీద నున్నది. అతడే నీరిచ్చెనని చెప్పుదురు. ఇచ్చినది అతడు కాదు. ఇచ్చినది బిందె దించినవారు."

ముసలాయన చేతులు దించాడు. అయిపోయింది.

ప్రొఫెసరమ్మ కాగితం కేసి చూసింది, ఆయన కేసి చూసింది. "తాతగారూ, అంతా అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఒక్కటే తేడా. అచ్చులో 'దించినవారు' అని లేదు, 'దించినవాడు' అని ఉంది."

"నాకు తెలుసు!" ముసలాయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "అది ఆ కంపోజిటరు తప్పు! ఆడవాళ్ళయ్యా బాబూ, 'వారు' అని వెయ్యమని ఆ రోజే మొత్తుకున్నాను. 'రు' అచ్చు దిమ్మలు అయిపోయాయి, ఉన్న ఒక్కటీ పై వాక్యంలో 'చెప్పుదురు'కి పెట్టేశాను, ఆఖరి పేజీ కదా సర్దుకో అన్నాడు. ఇప్పటికీ ఆ తప్పు నా గొంతులో పడ్డట్టే ఉంది!"

ప్రొఫెసరమ్మ కాగితం మళ్ళీ చూసింది. పై వాక్యంలో 'చెప్పుదురు' ఉంది. ఆ పేజీలో మరెక్కడా 'రు' లేదు. ఆమె లేచి నిలబడింది. చప్పట్లు మొదట ఆమే కొట్టింది. తర్వాత హాలంతా లేచింది. గుర్రాల డాక్టరు కుర్చీ ఎక్కబోయి, అది కిర్రుమంటే దిగిపోయి, కింద నిలబడే ఈల వేశాడు. గ్రంథాలయంలో ఈలేమిటని ఎవరూ అనలేదు. టీకొట్టు అతను ముందుకొచ్చి, ముసలాయన చేతులు రెండూ పట్టుకుని, "తాతా... తాతా..." అని నీళ్ళు నమిలాడు.

"ఊరుకోరా. పదమూడు అని నువ్వు పిలవడం మంచిదే అయింది. నేను మర్చిపోకుండా రోజూ గుర్తుచేశావు" అన్నాడు ముసలాయన, పెద్దగా నవ్వుతూ.

కోడలు గోడకు ఆనుకుని నిలబడి, అప్పుడు ఏడ్చింది. కింద కాగితాలేవీ లేవు కాబట్టి తనివితీరా ఏడ్చింది. భర్త వచ్చి పక్కన నిలబడి, "పదిహేనోవాణ్ణి వచ్చాను" అన్నాడు నెమ్మదిగా.

కొత్త ముద్రణ పదమూడు అధ్యాయాలతో వచ్చింది. ప్రొఫెసరమ్మ పట్టుబట్టి ప్రతి అధ్యాయం కింద దాన్ని మోసుకొచ్చిన మనిషి పేరు వేయించింది. ఎవరిది ఎన్నో అధ్యాయమో ముసలాయన ఒక్కొక్క పేరూ గుర్తు చేసుకుని చెప్పాడు. ఆవిష్కరణ నాడు ఆ పన్నెండుమంది పిల్లలూ మనవలూ ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. పేరు చదివినప్పుడల్లా హాల్లో ఒక కుటుంబం లేచి నిలబడింది. ఒక ముసలావిడ లేచి, "మా నాన్న తాళ్ళు పేనేవాడని మాత్రమే తెలుసు మాకు" అని చెప్పి కూర్చుంది. పదమూడో పేరు చదివినప్పుడు మనిషే లేచాడు. ఆయన ఒక్కడే మిగిలాడు మరి. ఆయన్ని హాలంతా నిలబడి చూసింది.

ఇంటికొచ్చాక ముసలాయన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమాడు. అట్ట మీద ఎత్తుగా ఉన్న అక్షరాలను వేలితో లెక్కపెట్టాడు. కోడలు పక్కన కూర్చుని, "మీ అధ్యాయం చదవమంటారా మామయ్యా?" అంది.

"నాది నాకెందుకే? నాకు తెలిసిందేగా." ఆయన పుస్తకాన్ని కొడుకు వైపు చాచాడు. "మిగతా పన్నెండూ నేనెప్పుడూ చదవలేదురా. జైల్లో ఒకడిది ఇంకొకడు వినకూడదు. బయటికొచ్చాక, నాది లేని పుస్తకాన్ని ముట్టుకోనని ఒట్టేసుకున్నాను. పంతులుగారు నా పక్కవాడికి ఏం చెప్పేవారో, వాడెందుకు అంతలా నవ్వుకుంటూ పేనేవాడో, ఇన్నేళ్ళూ తెలియలేదు. వాడిదే మొదటిది. తియ్యి."

కొడుకు చెప్పులు విడిచి మంచం మీద తండ్రి పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలోనే ముసలాయన పకపకా నవ్వి, "అదీ సంగతి! చదువు, చదువు" అన్నాడు.